మేడమీది సరోజ

అక్టోబర్ 7, మంగళవారం

మెదక్. రజియా ఇల్లు. ముందుగదిలో దివాన్ మీద కూర్చుని రాస్తున్నాను.

శనివారం విమానం. గౌహతి, అక్కడి నుంచి షిల్లాంగ్. ఒక్కదాన్నే, ఎప్పటిలాగే. మనవరాలు కావ్య దీన్ని సోలో ట్రిప్ అంటుంది. ఒంటరిగా తిరిగే ఆడదానికి మా కాలంలో వేరే పేర్లుండేవి. అవి కావ్యకు చెప్పలేదు.

హన్మకొండ నుంచి ఎయిర్‌పోర్టుకు వెళ్లే దారిలో మెదక్ లేదు. ముప్పై ఏళ్లు భూగోళం చెప్పిన మనిషిని, ఆమాత్రం తెలుసు. అయినా ఎగిరే ముందు ఇక్కడికి వచ్చి నాలుగు రోజులుండి పోవడం అలవాటైంది. లడఖ్ ముందు వచ్చాను. అండమాన్ ముందు వచ్చాను. పుట్టిన ఊరు కదా అని అడిగినవాళ్లకు చెబుతాను. ఊళ్లో నావాళ్లంటూ ఎవరూ మిగల్లేదు. రజియా ఉంది. ఆరో తరగతి నుంచి ఉంది.

బెల్లు కొడితే తలుపు తీసింది సరోజ.

ఎందుకు తీయాలి? పైపోర్షన్‌లో కిరాయికి ఉంటుంది. కిరాయికి తీసుకున్నది మేడ. కింది తలుపు కాదు.

"రాండ్రి మేడం, రాండ్రి. ఆపా తానం చేస్తుంది. కూసోండ్రి."

ఆపా అట, సొంత అక్కను పిలిచినట్టు. నా చేతిలో బ్యాగు లాక్కుని తనే లోపల పెట్టింది. నీళ్లు తెచ్చింది, పళ్లెంలో పెట్టి. గడప దాటకముందే చుట్టాన్ని అయిపోయాను.

రజియా తల తుడుచుకుంటూ వచ్చి వాటేసుకుంది. సబ్బు వాసన. "బక్కగైనవే వసూ" అంది. కాలేదు. లావయ్యాను. కళ్లజోడు పెట్టుకోకుండా చూసింది.

అక్టోబర్ 8, బుధవారం

పొద్దున్నే చర్చి కాంపౌండ్‌లో నడక. నేనూ రజియా అనుకున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు... సరోజ. రోజూ వాళ్లిద్దరే నడుస్తారట.

దారి ఇద్దరికి సరిపోతుంది. మూడో మనిషి వెనక నడవాలి. నడిచాను. నేను ముందున్నప్పుడు వెనకాల వాళ్ల గుసగుస. నేను వెనకున్నప్పుడు ముందు వాళ్ల నవ్వులు. గోపురం వైపు చూస్తున్నట్టు నటించాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్న గోపురం.

రజియాకు ఎడమవైపు పన్ను నొప్పి. దవాఖానకు పోవాలని నాకు చెప్పలేదు. సరోజకు తెలుసు. ఏ పూట ఏ గోలీ వేసుకోవాలో అదీ సరోజకే తెలుసు. "ఆపా, పొద్దటిది ఏసుకున్నవా?" అంటే ఈ మహాతల్లి బుద్ధిమంతురాలిలా తలూపుతుంది. అదే నేను అడిగితే "నాకేమైంది, మంచిగున్న" అంటుంది.

మధ్యాహ్నం. రజియా కుట్టుమిషన్ ముందు. ఊరి బ్లౌజులన్నీ ఇంకా ఆమె చేతి మీదే. సరోజ పక్కన చాప వేసుకుని హుక్కులు, కాజాలు. నాకూ ఒకటి ఇమ్మన్నాను. ఇచ్చింది. శ్రద్ధగా కుట్టాను.

సరోజ బ్లౌజు తీసి చూసి రజియా అరిచింది: "ఏడ పెట్టినవే కండ్లు? గిది హుక్కా, గాలమా? ఇప్పు. మల్ల కుట్టు."

నాది చూసి "మస్తున్నయ్ వసూ, మస్తున్నయ్" అంది.

ఆ తర్వాత వంటింట్లోకి నీళ్లకని పోయి వచ్చేసరికి, కత్తెర మొనతో నా హుక్కులు ఒక్కొక్కటే ఊడబీకుతోంది. నన్ను చూసి బ్లౌజు మడతపెట్టింది.

నన్ను తిట్టదు. చుట్టాలను తిట్టరు కదా.

అక్టోబర్ 9, గురువారం

నిన్న నాకోసం డబల్ కా మీఠా. ఈరోజు ఖుబానీ కా మీఠా. నాకు షుగరని తెలుసు, అయినా మర్యాద ముఖ్యం. వంటింట్లోకి అడుగుపెడితే "నువ్వు కూసోవే, అలసిపోయి వచ్చినవ్". మొన్న వచ్చినదాన్ని. ఎంతసేపు అలసిపోతాను?

అదే సమయానికి సరోజ వెనక తలుపు నుంచి వచ్చి, గిన్నె మూత తనే తీసి, రాత్రి అన్నంలో పచ్చిపులుసు పోసుకుని గడప మీద కూర్చుని తిన్నది. రజియా కూడా అందులోంచే రెండు ముద్దలు. నేను బల్ల దగ్గర, ఖుబానీ ముందు, పెళ్లికొచ్చిన కలెక్టరులా.

పచ్చిపులుసు కావాలని అడగొచ్చు. అడగను.

అండమాన్ ఫొటోలు చూపించాను. రజియా రెండు చూసి "మంచిగున్నయ్" అని ఫోను సరోజకు అందించింది. సరోజ అన్నీ చూసింది, వేలితో పెద్దవి చేసి మరీ.

"మేడం, గా దీవులల్ల కందిపప్పు దొరుకుతదా?"

సముద్రం గురించి అడిగితే చెప్పేదాన్ని. పగడాల గురించి చెప్పేదాన్ని.

"దొరుకుతది" అన్నాను.

"మరింకేంది. ఏడికైనా పోవచ్చు."

రజియా పడీపడీ నవ్వింది. పన్ను నొప్పి ఉన్న మనిషి అంత నవ్వకూడదు.

అక్టోబర్ 10, శుక్రవారం

ఒక పని చేశాను. ఎందుకు చేశానో రాయాలంటే ముందు జరిగింది రాయాలి.

సాయంత్రం సరోజ జొన్నరొట్టెలు చేసి తెచ్చింది. ముగ్గురం తింటున్నాం. రేపటి ప్రయాణం మాట వచ్చింది. ఉండమనే మర్యాదలు పొద్దున్నే మొదలయ్యాయి.

పొద్దున పాలాయన అన్నాడు: "అప్పుడే పోవుడా అమ్మా? ఇంకో రెండ్రోజులుండరాదు?" పక్కింటామె గోడ మీంచి అదే అన్నది. మా దగ్గర ఇది నమస్కారం లాంటిది. పోయేవాళ్లను ఉండమనాలి. వాళ్లు "మళ్ల వస్తం" అనాలి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఎన్నిసార్లు అని ఉంటాను, ఎన్నిసార్లు అనిపించుకుని ఉంటాను. ఎవరూ ఉండరు. ఉంటారనుకుని ఎవరూ అనరు.

సరోజ అన్నది: "రేపే పోవుడా మేడం? ఇంకో రెండ్రోజులుండి పోండ్రి."

నేను రజియా వైపు చూశాను. తల వంచుకుని రొట్టె తుంచుతోంది. తుంచిన ముక్కను మళ్లీ తుంచుతోంది. ఏమీ అనలేదు.

పాలాయన అన్నాడు. గోడవతలామె అన్నది. కిరాయికున్నామె అన్నది. రజియా అనలేదు.

"సరే సరోజా. నువ్వు గింతగనం అంటుంటే ఎట్ల కాదంట? ఉంటా" అన్నాను.

కూర వేయబోతున్న సరోజ చేతిలో గరిటె గాలిలో ఆగిపోయింది. మెదక్ జిల్లాలో ఈ జవాబు ఇంతకుముందు ఎవరూ విని ఉండరు.

"మంచిది మేడం" అన్నది. ఆ కూర నా పళ్లెంలోనే వేసి.

రజియా నన్ను చూసింది. ఈసారి కళ్లజోడుతో.

కావ్యకు ఫోన్ చేసి టికెట్ మార్పించాను. బుధవారం పొద్దుటికి, అంతకుముందు సీటు లేదట. "అమ్మమ్మా, ఆర్ యు ఓకే?" అంది. నేను ఎప్పుడూ టికెట్ మార్చలేదు. లేహ్‌లో జ్వరంతో కూడా మార్చలేదు.

అక్టోబర్ 11, శనివారం

ఈపాటికి మేఘాల మీద ఉండాల్సినదాన్ని. మెదక్ బజారులో మంకీ క్యాప్ బేరం చేస్తున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో. మాటకారి మనిషి. మెదక్ కొత్తనా అని అడిగాడు. పుట్టింది ఇక్కడే అంటే సంతోషించి, తన కష్టాలు మొదలుపెట్టాడు.

"రేపు టేక్మాల్ బేరముండె అమ్మా. పాయె."

"ఎందుకు?"

"బ్లౌజులు కుట్టే రజియమ్మ లేదా, ఆమె, ఆమె మీది పోర్షన్ల ఉండే సరోజమ్మ. ఏటా సీతాఫలాలప్పుడు సరోజమ్మోళ్ల చేను కాడికి పోతరు. నేనే తోల్కపోత. రెండ్రోజులుంటరు. చెట్ల కింద వంట, ముచ్చట్లు... మస్తు ఖుషీగుంటరు. ఈసారి ఇంట్ల చుట్టమున్నదని ఆగిండ్రు. శనివారం పోతది, ఆదివారం పోదమని నాకు చెప్పిండ్రు."

"మరి?"

"చుట్టం పోతలేదంట."

"అయ్యో" అన్నాను.

"ఎవరో మేడమంట. గట్టి మనిషంట. సరోజమ్మ మర్యాదకు ఉండుమన్నదట, ఉంటనన్నదట!" హ్యాండిల్ మీద చేత్తో కొట్టుకుని నవ్వాడు. "గట్ల ఎవరన్న అంటరా అమ్మా?"

"అనరు" అన్నాను.

ఎక్కడ దిగాలని అడిగితే చెయ్యి చూపించాను. ఇల్లు చూశాడు. నన్ను చూశాడు. నా మంకీ క్యాప్ చూశాడు. కిరాయి అడగకుండా ఆటో తిప్పుకుని పోతుంటే వెంటపడి చేతిలో పెట్టాల్సి వచ్చింది.

ఏటా పోతారట. రజియా నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. వారానికోసారి ఫోన్లో మాట్లాడుకుంటాం. గోంగూర ధర చెబుతుంది. మెడ నొప్పి చెబుతుంది. టేక్మాల్ చెప్పలేదు.

పాంగాంగ్ సరస్సు ముందు నిలబడిన మనిషిని నేను. నీలం రంగులు ఎన్ని ఉంటాయో అక్కడ చూశాను. పక్కన ఎవరూ లేరు, నాకు నేనే ఫొటో తీసుకున్నాను. ఇప్పుడు, ఈ వయసులో, టేక్మాల్‌లో ఒక చేను మీద, దాని సీతాఫలం చెట్ల మీద, వాటి కింద మూడు రాళ్ల పొయ్యి మీద కడుపు మండుతోంది.

అక్టోబర్ 12, ఆదివారం

చర్చికి వచ్చే జనంతో వీధి నిండా ఆటోలు, బైకులు. ఒక్క ఆటో మాత్రం మా గుమ్మం ముందు ఆగాల్సింది. ఆగలేదు.

రజియాతో అన్నాను: "మీరు టేక్మాల్ పోండ్రి. నేను ఇంట్ల ఉంట."

మిషన్ ఆపలేదు. ఎవరు చెప్పారని కూడా అడగలేదు. "మెహ్మాన్‌ను ఇంట్ల ఇడిసిపెట్టి ఎవరన్న పోతరా? గల్లీల ఏమనుకుంటరు?"

మెహ్మాన్. అతిథినట. నాతో స్కూలు గోడ దూకిన మనిషి అన్న మాట.

ఇంతలో సరోజ దిగి వచ్చింది. "మేడం, మీరు గూడ రాండ్రి. ముగ్గురం పోదం."

ఇది మర్యాదా, నిజమా? రెండింటికీ తేడా తెలుసుకునే శక్తి మొన్న శుక్రవారంతో పోయింది నాకు.

"నాకు సీతాఫలం పడదు" అన్నాను.

నిన్న ఇద్దరి ముందు రెండు తిన్నాను. గింజలు కూడా ఇంకా చెత్తబుట్టలో ఉన్నాయి. సరోజ మెల్లగా మేడెక్కి పోయింది. పాపం అనిపించింది. ఆ పాపం అనిపించడం కూడా నచ్చలేదు.

అప్పుడు మొదలైంది.

"ఏందే నీ కత?" అంది రజియా.

"నాకేం కత."

"సరోజ మర్యాదకన్నది. నీకెర్కలేదా?"

"ఎర్కనే."

"మరెందుకున్నవ్?"

"నువ్వనలేదు గనుక."

మిషన్ ఆగింది.

"ఏమనలే?"

"ఉండుమని. పాలాయన అన్నడు. గోడవతలామె అన్నది. నీ సరోజ అన్నది. నువ్వొక్కదానివే నోరు తెరవలే."

రజియా సూదిలోంచి దారం తెంపింది. పళ్లతో. ఎడమవైపు పళ్లతోనే, నొప్పి మరిచిపోయి. అబ్బా అని చెంప పట్టుకుంది. చెంప పట్టుకునే తిట్టడం మొదలుపెట్టింది.

"అంటే ఉంటవా? లడఖ్ పోయేటప్పుడు అన్న. ఉన్నవా? టికెట్ అయిందన్నవ్. అండమాన్ పోయేటప్పుడు అన్న. బ్యాగు పట్టి గుంజిన. ఉన్నవా? ఎన్నిసార్లనాలె? నాకు సిగ్గుండదా?"

"రజియా..."

"ఆగు. ఎప్పుడొచ్చినా పోయేటందుకే వస్తవ్. ఎన్నడన్న మర్లి వచ్చేటప్పుడు వచ్చినవా? ఆడికెల్లి సీద హన్మకొండ పోతవ్. ఫోన్ల ఫొటోలు కొడ్తవ్. నా ఇల్లేమన్న బస్టాండానే? నాలుగు రోజులు కూసుంటవ్, చాయ్ తాగుతవ్, బండి రాంగనే ఎక్కుతవ్."

తల వంచుకుని విన్నాను. క్లాసులో నాకెప్పుడూ ఆ పరిస్థితి రాలేదు.

"సరోజ మీద కుళ్లు నీకు. అవునా కాదా?"

కింద పడిన దారం ముక్క ఏరాను.

"నీదే నయం. కుళ్లుకోనీకి నీకు మనిషున్నది. కండ్ల ముందట తిరుగుతది. తిట్టుకోవచ్చు. నేనెవరి మీద కుళ్లుకోవాలె? షిల్లాంగు మీదనా?"

బయట ఐస్‌క్రీం బండి గంట. చర్చి విడిచినట్టున్నారు.

"చదువుకున్నవ్ గంతే. బుద్ధి లేదు నీకు. లెవ్, ఆ లవంగం డబ్బా ఇటియ్యి."

లేచాను. వంటింట్లోకి పోయాను. ఎవరూ కూర్చోమనలేదు. డబ్బా దొరకలేదు. "కుడిదిక్కే గుడ్డిదానా" అని కేక. దొరికింది.

తిట్టింది. చాలాసేపు తిట్టింది. నేను బాధపడాలి. పడుతున్నాను కూడా. కానీ మధ్యాహ్నం అన్నం మామూలు కంటే ఎక్కువ తిన్నాను, అదీ నిజమే.

అక్టోబర్ 13, సోమవారం

రజియా పోయింది. టేక్మాల్‌కు. సరోజతో.

పొద్దున లేచేసరికి గుడ్డసంచి సర్ది ఉంది. ఆటో గుమ్మంలో. ఆటోవాడు నా వైపు చూడకుండా అద్దం తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

రజియా బురఖా వేసుకుంటూ చెప్పుకుపోతోంది: "నల్ల పొద్దుగాల్నే వస్తది, ట్యాంకు నింపు. గ్యాసు సిలిండర్ కాడ గూడ బంద్ చెయ్. లలితమ్మ బ్లౌజుకు వస్తది, ఇయ్యి. పచ్చిపులుసున్నది, పారబోయకు."

తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఊరెళ్తే అది ఎప్పుడూ మేడమీద ఉంటుందట, సరోజ కొడుకు దగ్గర. అది తర్వాత తెలిసింది.

నా చేతిలో తాళంచెవిని సరోజ చూసింది. ఒక్క క్షణం. వెంటనే నవ్వింది, "జర పైలం మేడం" అని జాగ్రత్త చెప్పింది. కానీ ఆ మొదటి చూపు నాకు తెలుసు. వారం రోజులుగా పొద్దున్నే అద్దంలో చూస్తున్న చూపు. ఆ చూపు ఆమె ముఖంలో చూడగానే ఎంత ఆనందం కలిగిందో రాయడానికి కూడా మొహమాటంగా ఉంది. రాశాను.

వాళ్లు తిరిగి వచ్చేది బుధవారం సాయంత్రం. నా విమానం బుధవారం పొద్దున. రజియాకు తెలుసు. మంచిగా పోయిరా అనలేదు. వాటేసుకోలేదు. ఆటోలోంచి వెనక్కి చూడలేదు.

మెహ్మాన్‌ను ఇంట్లో విడిచిపెట్టి ఎవరూ పోరని నిన్ననే కదా చెప్పింది. విడిచిపెట్టి పోయింది. అంటే నేను ఇవాళ్టి నుంచి చుట్టాన్ని కాను. ఇంటి మనిషినయ్యానో, ఏమీ కాకుండా పోయానో... ఈ రెంటిలో ఏదో చెప్పి పోయుంటే బాగుండేది.

అక్టోబర్ 14, మంగళవారం

ట్యాంకు పొంగించాను. గల్లీ అంతా నీళ్లు. "ఓ కొత్తామే! నల్ల బంద్ చెయ్!" అని గోడవతలామె. మొన్న ఉండుమన్నదీ ఆమే.

పచ్చిపులుసు, రాత్రి అన్నం. గడప మీద కూర్చుని తిన్నాను. ఉప్పు తక్కువ. ఒక్కదాన్నే తింటే ఇంతేనేమో.

లలితమ్మ వచ్చింది. బ్లౌజు ఇచ్చాను.

"మీరెవరు?"

"ఇంటిమనిషిని."

"మరి గీ కాజాలు మీరు కుట్టినవేనా? వంకరున్నయ్."

నావి కావు, సరోజవి. ఎంత హాయిగా ఉండింది! "నేనే కుట్టిన. ఇటియ్యండి, సరి చేస్త" అన్నాను. ఎందుకలా అన్నానో. ఇప్పి మళ్లీ కుట్టాను. మధ్యాహ్నమంతా పట్టింది. ఇంకా వంకరగా వచ్చాయి. రేపు రజియా చూస్తే...

రేపు నేనుండను కదా.

సరోజ ఫొటో పంపింది. చెట్టు కింద రజియా, బట్టతో కుండ దింపుతూ, పొగకు కళ్లు మూసుకుని నవ్వుతోంది. వేలితో పెద్దది చేసి చూశాను. వెనకాల చేను, గట్టు, ఎవరివో చెప్పులు. ఎంతసేపు చూసినా నేను లేను అందులో. నా ఫొటోలు రెండు చూసి ఫోను ఎందుకు పక్కకు ఇచ్చేసిందో తెలిసింది.

సాయంత్రం కావ్య: "క్యాబ్ తెల్లారేసరికి వస్తుంది అమ్మమ్మా. ఈసారి మారిస్తే ఇక టికెట్ పోయినట్టే. షిల్లాంగ్‌లో హోటల్ వాళ్లు కూడా అడుగుతున్నారు. వెళ్తున్నావు కదా?"

"చెబుతా" అన్నాను.

రజియాకు చేశాను. సిగ్నల్ రాదు, వస్తే గాలి హోరు. అయిదోసారికి ఎత్తింది.

"ట్యాంకు నింపినవా?"

"నింపిన."

"పొంగిచ్చినవా?"

"...కొంచెం."

"ఎర్కనే."

వెనక సరోజ దగ్గు, పొయ్యి పొగ కాబోలు. కుండ మీద గరిటె చప్పుడు.

"రేపు పొద్దున నా విమానం" అన్నాను.

"ఎర్కనే."

ఆగాను. ఇప్పుడంటుంది అనుకున్నాను. అనలేదు. ఉండుమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. ఎన్నిసార్లనాలె అని ఆదివారమే చెప్పింది కదా. ఇక నోటితో అడగదు.

చివరికి నేనే: "తాళంచెవి ఎవరికియ్యాలె?"

"ఎవరికియ్యకు."

"అంటే?"

"ఎవరికియ్యకు అంటే ఎవరికియ్యకు. నీ దగ్గరనే పెట్టుకో."

కట్ అయింది. సిగ్నల్ పోయిందో, పెట్టేసిందో. మళ్లీ చేశాను. అందుబాటులో లేదట.

మరో తాళంచెవి ఉందా ఆమె దగ్గర? అడగలేదు. ఉంటే, నేను దీన్ని షిల్లాంగ్ తీసుకుపోయి, తిరిగొచ్చేటప్పుడు హన్మకొండకు కాకుండా ఇక్కడికే రావాలి. లేకపోతే, రేపు సాయంత్రం ఆ ఇద్దరూ ఆటో దిగేసరికి తలుపు తీయడానికి నేనిక్కడ ఉండాలి. ఏది అనుకుని అన్నది? పక్కన సరోజ వింటుండగా అన్నది. అది మాత్రం నాకు చాలా నచ్చింది.

బ్యాగు సర్దాను. మంకీ క్యాప్ పైన పెట్టాను. తాళంచెవి ఈ పేజీ మీదే ఉంది, రాస్తుంటే చేతికి అడ్డం వస్తోంది.

మళ్లీ కావ్య ఫోన్. మోగుతోంది.